గ్రావిటీ కర్వ్ కలిసింది, మరి కింద మాగ్మా ఉన్నట్టేనా? (పశ్చిమ తీరం, లక్ష్మీ బేసిన్)

గ్రావిటీపోరడు:

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ చివరి సంవత్సరం, సెలవులకు ఇంటికొచ్చి డిసర్టేషన్‌తో కుస్తీ పడుతున్నా. టాపిక్ చెప్తే ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు, సముద్రానికి ఇంత దూరంలో కూర్చొని సముద్రం కింద ఏముందో ఎట్లా చెప్తావురా అని.

పని ఏంటంటే, ముంబై దక్షిణాన తీరం దగ్గర మొదలుపెట్టి అరేబియా సముద్రం అడుగున ఉన్న లక్ష్మీ బేసిన్ (పల్లం), లక్ష్మీ రిడ్జ్ (గట్టు) దాటేదాకా ఒక గీత గీసి, ఆ గీత కింద క్రస్ట్ (భూమి పై పొర) ఎట్లా ఉందో 2-డి గ్రావిటీ మోడల్ చేయడం. ఉపగ్రహాల నుంచి వచ్చిన ఫ్రీ-ఎయిర్ గ్రావిటీ (రాళ్ల, నీళ్ల బరువుకు సవరణ చేయని గ్రావిటీ తేడాలు), జెబ్కో అనే ప్రపంచ గ్రిడ్‌లోని సముద్రం లోతులు, ప్రపంచమంతటికీ ఉన్న ఒక సెడిమెంట్ మందం గ్రిడ్, అన్నీ ఫ్రీగా దొరికినవే. దక్కన్ లావా వచ్చిన తీరం కాబట్టి అడుగున మాగ్మా పేరుకొని ఉంటుందని లోయర్ క్రస్ట్ డెన్సిటీ ఘన సెం.మీ.కి 2.9 గ్రాములు పెట్టి, దాని అడుగున 5 కి.మీ. మందంతో 3.05 డెన్సిటీ ఉన్న ముద్ద ఒకటి పెట్టాను. కర్వ్ చక్కగా కూర్చుంది, తేడా సగటున 3 మిల్లీగాల్ (గ్రావిటీ తేడాలు కొలిచే యూనిట్). మా గైడ్ చూసి "ఫిట్ బాగుంది, అండర్‌ప్లేటింగ్ అని రాసెయ్" అన్నారు, అంటే క్రస్ట్ అడుగున మాగ్మా పేరుకొని గట్టిపడిందని.

మొన్న రాత్రి ఊరికే ఆ ముద్ద తీసేసి, మోహోని, అంటే క్రస్ట్‌కూ దాని కింది మాంటిల్‌కూ మధ్య హద్దుని, కాస్త పైకి లాగి చూశాను. అదీ కూర్చుంది! సేమ్ 3 మిల్లీగాల్. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఏది నమ్మాలి? గైడ్‌కి చెప్పాలా వద్దా?

ఇంకో చిన్న డౌటు. నా రూమ్మేట్‌ది కాకినాడ. రాజమండ్రి దగ్గర కూడా బసాల్ట్ ఉంది కదా, అంటే మా తూర్పు తీరం కూడా వోల్కానిక్ మార్జినే (ఖండం చీలేటప్పుడు లావా పొంగిన అంచు) అని వాడి వాదన. నిజమేనా?

సీస్మిక్‌అక్క:

తమ్ముడూ, ముద్ద తీసేసి చూడాలని నీకు తోచింది చూడు, సగం డిసర్టేషన్ అదే. చాలామంది కర్వ్ కలవగానే లాప్‌టాప్ మూసేస్తారు. గైడ్‌కి తప్పకుండా చెప్పు, కానీ రెండు మోడళ్లూ ఒకే గ్రాఫ్ మీద గీసి చూపించి చెప్పు. నోటిమాటగా చెప్తే గాలికి పోతుంది.

రెండూ ఎందుకు కలిశాయో కాగితం మీద లెక్క వేసుకో, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. అంతులేని పలక అనుకుంటే 1 కి.మీ. మందానికి, డెన్సిటీ తేడా 1 గ్రాము ఉంటే దాదాపు 42 మిల్లీగాల్ వస్తుంది. నీ ముద్ద మందం 5, తేడా 0.15, అంటే 0.75 ఇంటూ 42, సుమారు 31. ఇప్పుడు మోహో సంగతి చూడు. మాంటిల్ 3.3, క్రస్ట్ 2.9, తేడా 0.4. మోహోని 1.9 కి.మీ. పైకి లాగితే సరిగ్గా అదే 31. అంతే, అందులో మాయ ఏమీ లేదు. అంచులున్న అసలు ముద్దకు ఇంతకంటే తక్కువే వస్తుంది, కానీ రెండింటికీ ఇంచుమించు ఒకే తీరుగా తగ్గుతుంది కాబట్టి బేరం మారదు. పైగా ఇవి రెండూ 20 కి.మీ. లోతున ఉన్న సంగతులు, అంత లోతు నుంచి పైకి వచ్చేసరికి మొనలన్నీ అరిగిపోయి రెండూ ఒకే నున్నటి గుట్టలా కనిపిస్తాయి.

నువ్వు అడగని మూడోది నేను చెప్తా. సెడిమెంట్. అక్కడ ఇండస్ ఫ్యాన్ (సింధు నది సముద్రంలో పరిచిన మేట) నుంచి వచ్చిన మట్టి, ఇసుక కిలోమీటర్ల మందం ఉంటుంది. 3 కి.మీ. సెడిమెంట్‌కి డెన్సిటీ 0.1 తప్పు పెట్టావనుకో, 12 మిల్లీగాల్ పైనే కొట్టుకుపోయింది. 3 మిల్లీగాల్ ఫిట్ అని మురిసిపోవడానికి ఇక చోటెక్కడిది? ఉపగ్రహ గ్రావిటీ ఖచ్చితత్వమే బాగున్న చోట 2 మిల్లీగాల్ దాకా. ఇంకా, షెల్ఫ్ (తీరాన్ని ఆనుకున్న లోతు తక్కువ భాగం) అంచు దగ్గర ఫ్రీ-ఎయిర్‌లో ఒక ఎత్తు, దాని పక్కనే ఒక పల్లం కనిపిస్తాయి కదా, అందులో చాలా భాగం నీళ్ల లోతు ఒక్కసారిగా మారడం వల్ల, కింద మోహో దిగడం ఎక్కడం వల్ల వచ్చేదే, ఆ ఎత్తు కింద ఏదో బరువైన రాయి ఉందని ముద్ద పెట్టేయకు. నేను పీజీలో అదే చేశాను, వైవాలో చెమటలు పట్టాయి.

కాబట్టి గ్రావిటీని ఒంటరిగా సాక్షిగా నిలబెట్టకు. వోల్కానిక్ మార్జిన్ అనడానికి ప్రపంచం మొత్తం చూసేవి ముఖ్యంగా రెండు గుర్తులు. పైన, సముద్రం వైపు వాలిన రిఫ్లెక్టర్లు (సీస్మిక్ అలను వెనక్కి కొట్టే పొరలు), వాటినే ఎస్‌డీఆర్‌లు అంటారు. ఖండం చీలేటప్పుడు గట్టు మీదే, నీళ్ల బయట, పొర మీద పొరగా పారిన లావా అది, ఆ తర్వాత బరువుకి సముద్రం వైపు ఒరిగిపోయి కింద మునిగింది. 1985లో నార్వే ఎదుట వోరింగ్ పీఠభూమి మీద 642 నంబర్ సైట్లో బోరు వేసి ఆ పొరల్లోంచి బసాల్ట్ తీశారు, నేల మీద పారిన లావానే అని తేలింది. రెండో గుర్తు కింద, లోయర్ క్రస్ట్‌లో పీ-వేవ్ (అన్నిటికంటే ముందు వచ్చే సీస్మిక్ అల) వేగం సెకనుకు 7.2 నుంచి 7.5 కి.మీ. ఉండే మందపాటి శరీరం. మామూలు సముద్రపు క్రస్ట్ కింది పొరలో అది 6.7 నుంచి 7 దాకానే, మాంటిల్‌లోకి వెళ్తే 8. నీ 3.05 డెన్సిటీ ముద్దకు జోడీ ఈ 7.3 రావాలి. అది లేకుండా ఆ ముద్ద నీ ఇష్టం, నీ సాఫ్ట్‌వేర్ ఇష్టం.

మరి సీస్మిక్ (శబ్దపు అలలు కిందికి పంపి వినడం) ఉంది కదా, చూసేస్తే పోలేదా అంటావు. అక్కడే మా కష్టమంతా. రేకుల ఇంట్లో వాన పడుతుంటే టీవీ వినబడుతుందా? బసాల్ట్ అట్లాంటిదే. పైనున్న మెత్తటి సెడిమెంట్ నుంచి గట్టి లావాలోకి దిగగానే శబ్దంలో చాలా భాగం వెనక్కి కొట్టేస్తుంది, లోపలికి పోయిన కాస్తా పొరపొరకీ చెదిరిపోతుంది, ఆపైన నీళ్లకూ లావాకూ మధ్య తిరిగే మల్టిపుల్స్ (పదేపదే వచ్చే ప్రతిధ్వనులు) రికార్డంతా నింపేస్తాయి. మామూలు రిఫ్లెక్షన్ సెక్షన్‌లో బసాల్ట్ కింద కనిపించేదాంట్లో ఏది నిజం, ఏది దయ్యమో పదిహేనేళ్ల నుంచి ఇదే పనిలో ఉన్న నాకే కొన్నిసార్లు తెలియదు. అందుకే సముద్రం అడుగున సీస్మోమీటర్లు దించి, ఓడ నుంచి ఎయిర్‌గన్ పేలుస్తూ వంద కి.మీ. పైన దూరం పోతారు. నేరుగా కిందికి పోయి పైకి వచ్చే అల కాకుండా, పక్కలకు వంగి లోతు క్రస్ట్ గుండా ప్రయాణం చేసి వచ్చే అల దొరుకుతుంది. 100 కి.మీ. దారికి 7.0 వేగంతో 14.3 సెకన్లు, 7.3తో 13.7. సగం సెకను పైన తేడా! గ్రావిటీ కళ్లకు కనబడనిది ఇక్కడ గడియారం మీద కనిపిస్తుంది.

నీ గీతకు దగ్గరలో అచ్చయిన రిఫ్రాక్షన్ ప్రొఫైల్ (ఇట్లా వంగి వచ్చే అలలతో తీసిన లైన్) వెతుకు. మోహో లోతు రెండు మూడు చోట్ల దొరికినా చాలు, అక్కడ మేకు కొట్టేసి, ఆ తర్వాత ముద్ద పెట్టి చూడు.

కాజీపేటజంక్షన్:

ఇంత చదివాక ఉద్యోగం వస్తుందా తమ్ముడూ, అది కూడా కొంచెం మోడల్ చేసి చెప్పు.

బొగ్గుబాయి:

పై కామెంట్‌ని పట్టించుకోకు, వస్తుంది. నేను భూపాలపల్లి వైపు బొగ్గు డ్రిల్లింగ్‌లో ఉన్నా, నీ రూమ్మేట్ డౌటు నాది.

రాజమండ్రి బసాల్ట్ నిజమే, గోదావరికి రెండు పక్కలా, కాటేరు వైపు, పంగిడి వైపు క్వారీల్లో చేత్తో ముట్టుకొని చూడొచ్చు. దాని కొనసాగింపు కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ బావుల్లో కూడా తగిలింది. కానీ వయసు చూడండి. అది దాదాపు 6.5 కోట్ల ఏళ్లు, దక్కన్ లావాకి జోడీ. మన తూర్పు తీరం అంటార్కిటికా నుంచి విడిపోయింది దాదాపు 13 కోట్ల ఏళ్ల కింద. సగానికి సగం తేడా. పెళ్లయిన 30 ఏళ్లకు తీసిన ఫోటో చూపించి ఇదే పెళ్లి ఫోటో అంటే ఎట్లా? ఆ లావా ఎక్కడిది అంటే, పశ్చిమాన కక్కిన దక్కన్ లావానే పాత నదీ లోయలు పట్టుకొని వందల కిలోమీటర్లు పారి తూర్పు తీరం చేరిందని చాలామంది ఒప్పుకునే మాట. ఖండం చీలేటప్పుడు ఆ చీలికలోంచి వచ్చింది కాదు కాబట్టి దాన్ని పట్టుకొని వోల్కానిక్ మార్జిన్ అనలేం. తూర్పున పైకి, రాజ్‌మహల్ కొండల దగ్గరది వేరే కథ, అది 11.7 కోట్ల ఏళ్లనాటిది, కెర్గులెన్ హాట్‌స్పాట్‌తో (మాంటిల్ లోతు నుంచి మాగ్మా పొంగే చోటు) ముడిపెడతారు.

ఇంకొకటి. చీలికలు చూడాలంటే సముద్రం దాకా పోనక్కర్లేదు, మన కాళ్ల కిందే ఉంది. ఆసిఫాబాద్ నుంచి మంచిర్యాల, రామగుండం, భూపాలపల్లి, కొత్తగూడెం మీదుగా పోయే ప్రాణహిత-గోదావరి లోయ మొత్తం చీలబోయి ఆగిపోయిన రిఫ్టే. ఆ కుంగిన గుంటలో నిండిన గోండ్వానా ఇసుకరాళ్ల మధ్య పడుకున్నదే మేం తవ్వే బొగ్గు. గ్రావిటీ మ్యాప్ తీసి చూడు, రెండు పక్కలా గట్టి గ్రానైట్, నైస్, మధ్యలో తేలిక సెడిమెంట్ కాబట్టి పొడుగ్గా ఒక పల్లం కనిపిస్తుంది. భూకోశ్ పోర్టల్‌లో జీఎస్ఐ (జియలాజికల్ సర్వే) డేటా ఫ్రీగానే ఉంటుంది. సముద్రం మోడల్ చేసే ముందు దీని మీద ఒకసారి చెయ్యి తిప్పుకుంటే, ఎక్కడ తప్పు పోయిందో చెప్పడానికి ఇక్కడ బోరుబావుల లాగ్‌లు అన్నా ఉన్నాయి.

గ్రావిటీపోరడు:

అక్కా, అన్నా, మస్తు థ్యాంక్స్. పెళ్లి ఫోటో మాట రూమ్మేట్‌కి పంపించాను, ఇంకా రిప్లై లేదు.

అక్కా, ఇంకోటి అడుగుతా. ఎక్కడో 7.3 దొరికిందే అనుకుందాం. అప్పుడైనా "ఇది దక్కన్ మాగ్మా" అని రాయొచ్చు కదా?

పాతజియోఫోన్:

నేను శాస్త్రవేత్తను కాదు బిడ్డా, సర్వే క్రూలో కేబుల్ మోసి, జియోఫోన్‌లు పాతి రిటైరైన మనిషిని. అయినా ఇన్నేళ్లు సార్ల పక్కన కూర్చుంటే కొంత అంటుతుంది.

ముందు ఒక ముచ్చట. అమ్మాయి చెప్పిన దూరపు అలల సంగతి మేం నేల మీద చేసేవాళ్లం. మన దేశంలో మొదటి లోతు సీస్మిక్ లైన్ 1970లలో కావలి నుంచి ఉడుపి దాకా తీశారు, హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జియోఫిజిక్స్ పరిశోధన సంస్థ) వాళ్లు, సోవియట్ సాయంతో, అడ్డంగా 600 కి.మీ. అది నాకంటే ముందు తరం. మా రోజుల్లో మేం చేసిన లైన్లలో దూరం షాట్ పేలిస్తే వచ్చే అల ఎంత సన్నగా ఉంటుందంటే, పొలంలో ఎడ్లబండి పోయినా అది మాయం. అన్నిటికంటే పెద్ద శత్రువు వ్యవసాయ మోటార్లు. రికార్డు కాగితం మీద యాభై సైకిళ్ల గీత ఒత్తుగా, దువ్వెన పళ్లలాగా వచ్చేసి కింద ఏ అలా కనబడేది కాదు. మా అబ్జర్వర్ సారు టెంటు బయట నిలబడి ఎదురుగా ఉన్న మోటారు షెడ్డులో బల్బు వైపే చూస్తుండేవాడు. బల్బు ఆరిందా, వైర్‌లెస్‌లో "పేల్చెయ్" అని అరుపు. ఊరంతా కరెంటు పోయిందని తిట్టుకుంటుంటే మా క్యాంపులో పండగ. 7.3 అని కాగితం మీద ఒక్క అంకె చూస్తారు మీరు, దాని వెనుక ఒక్కోసారి ఇంత తతంగం ఉంటుంది, కాబట్టి ఎవరి పేపర్లో అయినా ఆ అంకె పక్కన ప్లస్ మైనస్ ఎంత రాశారో కూడా చూడు.

ఇప్పుడు నీ ప్రశ్న. వేగం వయసు చెప్పదు. మన రామప్ప గుడి మదనికలు చెక్కిన నల్లరాయి చూశావు కదా, డోలరైట్ అది, అద్దంలా మెరుస్తుంది. ఆ జాతి రాయి మన దగ్గర గ్రానైట్ గుట్టల్ని అడ్డంగా చీల్చుకొని డైకులుగా (పగుళ్లలో దూరి గోడలా గట్టిపడిన మాగ్మా) ఎన్నో చోట్ల ఉంది. కొత్తగా చూసినవాడు నల్లగా ఉంది కాబట్టి దక్కన్ లావా తాలూకు రాయి అంటాడు. దక్కన్ వయసు 6.6 కోట్ల ఏళ్లు. మన తూర్పు ధార్వార్ క్రేటాన్ (చాలా పాత ఖండపు ముక్క) డైకుల్లో ఒక పెద్ద గుంపు వయసు దాదాపు 237 కోట్ల ఏళ్లు! సీస్మిక్ అలను పంపిస్తే ఈ ముసలిదీ ఆ పసిదీ రెండూ ఒకేలా జవాబు చెప్తాయి. పశ్చిమ తీరానికి మధ్యలో ఇంకో కథ కూడా ఉంది, మడగాస్కర్ విడిపోయింది దాదాపు 8.8 కోట్ల ఏళ్ల కింద, అప్పుడూ మాగ్మా వచ్చింది, ఉడుపి దగ్గర సెయింట్ మేరీస్ దీవుల్లో స్తంభాల్లా నిలబడ్డ రాళ్లు ఆ కాలపువే. మరి నీ ముద్ద ఏ కాన్పు బిడ్డ?

సీస్మిక్‌అక్క:

పెదనాన్నా, ఏ కాన్పు అన్న మాట నేను మా ఆఫీసులో వాడేసుకుంటా.

తమ్ముడూ, పెద్దాయన చెప్పినదానికి తోడు ఇంకో చిక్కు. 7.2, 7.3 వచ్చినంత మాత్రాన అది మాగ్మానే అని కూడా కాదు. మాంటిల్ రాయిలోకి సముద్రపు నీరు దిగి కొంత సర్పెంటైన్ అనే ఖనిజంగా మారితే దాని వేగం 8 నుంచి దిగి ఇదే అంకె దగ్గరికి వస్తుంది. పోర్చుగల్ ఎదుట ఐబీరియా మార్జిన్‌లో మాగ్మా పెద్దగా లేదు, ఉన్నది ఇదే. తేడా పట్టడానికి ఎస్-వేవ్ వేగం కూడా దొరికితే మేలు, సర్పెంటైన్ పెరిగేకొద్దీ పీ, ఎస్ వేగాల నిష్పత్తి పైకి పోతుంది. అది లేకపోతే కామన్ సెన్స్ వాడు. పైన 15, 20 కి.మీ. క్రస్ట్ మందంగా కూర్చొని ఉంటే నీళ్లు అంత లోతుకు ఎట్లా దిగుతాయి? పైన ఎస్‌డీఆర్‌లు కూడా ఉంటే మాగ్మా వైపే మొగ్గు. క్రస్ట్ పలచగా, పగుళ్లతో, లావా లేకుండా ఉంటే సర్పెంటైన్ వైపు.

"అండర్‌ప్లేటింగ్" అన్న మాట కూడా జాగ్రత్త. అంటే మోహో కింద గంజి అడుగంటినట్టు కొత్త మాగ్మా పొర అని అర్థం వస్తుంది. ఫారో దీవుల అంచున 2002లో తీసిన డేటాలో, 2008లో అచ్చయింది, లోయర్ క్రస్ట్‌లో పలకలు పలకలుగా సిల్స్ (మాగ్మా పలకలు) దూరినట్టు కనిపించింది, అంటే పాత ఖండపు రాయీ కొత్త గాబ్రో (లోతులో గట్టిపడిన మాగ్మా) కలగలిసిన కిచిడీ. అప్పుడు మొత్తం ముద్దను కొత్త మాగ్మాగా లెక్కేస్తే పరిమాణం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాం. నేనైతే "హై-వెలాసిటీ లోయర్ క్రస్ట్" అని చూసింది చూసినట్టు రాస్తా, అర్థం చెప్పడం డిస్కషన్ చాప్టర్‌లో.

ఇక లక్ష్మీ బేసిన్, అది ఇంకా తెగని పంచాయితీ. మధ్యలో ఉన్న మాగ్నెటిక్ అనామలీలను (గీతల్లా కనిపించే అయస్కాంత తేడాలను) చూసి కొందరు సముద్రపు క్రస్ట్ అంటారు, బేసిన్ నడుమ వరుసగా ఉన్న రామన్, పణిక్కర్, వాడియా అనే మునిగిన అగ్నిపర్వతాలను కూడా ఆ కథలోనే కలుపుతారు. కాదు, సాగి పలచబడిన ఖండంలో మాగ్మా దూరింది, ఆ గీతలు అవే అని ఇంకొందరు. 2015లో జాయిడెస్ రిజల్యూషన్ ఓడ ఐఓడీపీ (అంతర్జాతీయ సముద్ర డ్రిల్లింగ్ కార్యక్రమం) 355వ యాత్రలో అక్కడ రెండు సైట్లలో బోర్లు వేసింది, యూ1457లో వెయ్యి మీటర్లు దాటి బసాల్ట్‌ని తాకింది. ఆ కాస్త బసాల్ట్‌తోనే తగువు తెగిపోతుందనుకుంటే, దాని కెమిస్ట్రీ మీద మళ్లీ కొత్త తగువు మొదలైంది. అటు లక్ష్మీ రిడ్జ్ మీద గ్రావిటీ పల్లం ఉంటుంది, దాన్ని ఎక్కువమంది మందమైన ఖండపు ముక్కగా చూస్తారు. నీ మోడల్‌లో ఆ పల్లం సరిగా వచ్చిందా? అది చెప్పలేదు నువ్వు.

ఇంకా సరదా ఏమిటంటే, దక్కన్ పక్కనే ఉంది కాబట్టి అడుగున మాగ్మా కుప్పలుగా ఉండాలి అన్న నీ మొదటి ఊహ కూడా గట్టిది కాదు. లక్ష్మీ రిడ్జ్ నుంచి సీషెల్స్ విడిపోయిన చోట సీస్మిక్ చేసి చూస్తే, అంత పెద్ద లావా పక్కన ఉండి కూడా అనుకున్నంత మాగ్మా కనబడలేదు. అంతకుముందే గోప్ రిఫ్ట్ వైపు చీలికలో వేడి ఖర్చయిపోయి ఉండొచ్చని వాళ్ల వివరణ. కాబట్టి ముద్ద లేని మోడల్‌ని అంత తేలిగ్గా కొట్టిపారేయకు.

గ్రావిటీపోరడు:

అక్కా, ఈ రోజు పొద్దంతా మళ్లీ చేశాను. దగ్గరలో అచ్చయిన ఒక లైన్ నుంచి మోహో లోతులు మూడు చోట్ల తీసుకొని మేకులు కొట్టాను. ఇప్పుడు ముద్ద పూర్తిగా తీసేస్తే తీరం వైపు సగం సరిపోవడం లేదు, 15 మిల్లీగాల్ దాకా లోటు వస్తోంది. కానీ 5 కి.మీ. కూడా అక్కర్లేదు, 2, 3 కి.మీ. పెడితే చాలు. బేసిన్ వైపు మాత్రం ముద్ద ఉన్నా లేకున్నా ఒకటే, సెడిమెంట్ డెన్సిటీ కాస్త కదిపితే సర్దుకుంటోంది. రిడ్జ్ మీద పల్లం నా పాత మోడల్‌లో సగమే వచ్చింది, మీరు అడిగాకే చూశాను, సిగ్గేసింది. అక్కడ క్రస్ట్ మందం పెంచితే దిగింది.

మూడు మోడళ్లూ ఒకే బొమ్మలో పెట్టి గైడ్‌కి మెయిల్ చేశాను. "ఏది కరెక్టో తేల్చకుండా మూడు పెడతావా" అని ఒక్క లైను జవాబు వచ్చింది. సోమవారం రమ్మన్నారు. భయంగానే ఉంది.

సీస్మిక్‌అక్క:

వెళ్లేటప్పుడు ఆ 0.75 ఇంటూ 42 లెక్క కాగితం మీద చేత్తో రాసి తీసుకెళ్లు. కంప్యూటర్ బొమ్మతో వాదిస్తారు గానీ, నాలుగు లైన్ల లెక్కతో వాదించడం కష్టం. తీరం వైపు "అదనపు బరువు కావాలి, మందం 2 నుంచి 3, ఈ సెడిమెంట్ డెన్సిటీలు నిజమైతే" అని రాయి, బేసిన్ వైపు "గ్రావిటీ తేల్చలేదు" అని రాయి. పేజీ తగ్గినా పర్లేదు.

పాతజియోఫోన్:

ఇంకా ఊళ్లోనే ఉంటే సోమవారానికి ముందు ఒకపూట రా బిడ్డా, మా ఊరి క్వారీలో గులాబీ గ్రానైట్ మధ్యన రెండు గజాల వెడల్పు నల్ల డైక్ కోసి పెట్టినట్టు ఉంటుంది, గ్రానైట్‌ని ఆనుకున్న అంచు దగ్గర గింజ సన్నబడి నున్నగా, నడుమకు పోయేకొద్దీ ముతకగా, వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. రెంటి ముక్కలూ చెరొకటి తీసి సంచిలో వేసుకో, తూకం వేసి నీళ్లలో ముంచితే నీ 2.67, 3.0 అంకెలు వంటింట్లోనే వస్తాయి. ఆదివారమే రా, ఆ రోజు పేలుళ్లు ఉండవు.